సంతకం పెట్టే ముందు

సూర్యాపేట,
18 జూన్ 1984.

జమునా,

నీ ఉత్తరం అందింది. భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. అంత పేరున్న ఆర్కిటెక్ట్ ఆఫీసు మానేసి కాలేజీలో లెక్చరర్‌గా చేరానని నువ్వు రాసిన చోటికి రాగానే మీ వదిన చాందీ "ఆ ముక్క మళ్లొకసారి సదువు" అంది. రెండోసారి చదివినా ఆమెకు నమ్మకం కుదరలేదు. మన అమ్మ, యాడి అడిగిన మాట వేరు. ఆమె మన లంబాడీలో అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను: "ఇండ్లు కట్టుడు ఇడిసిపెట్టి, ఎట్ల కట్టాల్నో చెప్పుకుంట కూసుంటదా? చెప్తే ఇల్లు లేస్తదా?" ఇన్నేళ్లుగా బడిలో తెలుగు పాఠాలు చెబుతున్న నన్నే అడిగింది, జవాబు నువ్వే రాయి.

నిజం చెప్పు. అక్కడ నిన్నెవరైనా ఏమైనా అన్నారా? ఆడపిల్లవనో, తండా నుంచి వచ్చావనో? అలాంటిదేమైనా ఉంటే దాచకు. నిన్ను పలక పట్టించి బడికి తీసుకెళ్లినవాణ్ణి, నాకు చెప్పుకోవడానికి మొహమాటం ఎందుకు?

ఇక్కడ నీ చదువేమిటో చెప్పలేక సతమతమవుతున్నాను. మా లెక్కల సారు వెంకటేశం "మీ చెల్లె ఇంజనీరా?" అంటాడు. కాదు, ఆర్కిటెక్ట్ అంటాను. "అంటే మ్యాపులు గీస్తదా?" అంటాడు. గీస్తుంది గానీ... అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాను. ఆ 'గానీ' తర్వాత ఏం చెప్పాలో ఈసారి రాయి.

ఇంకో పని. జగదీశ్ అని నా దగ్గర చదువుకున్న పిల్లవాడు. తండ్రి లేడు. తల్లి రాధమ్మ బస్టాండు వెనకాల బట్టలు కుట్టి వాణ్ణి ఇంటర్ దాకా చదివించింది. వాడికి మీ కాలేజీలో సీటు వచ్చింది. బొమ్మలు చక్కగా వేస్తాడు, మాట తక్కువ. పట్నంలో వాడికి ఎవరూ లేరు. మనవాడే అనుకుని కనిపెట్టి ఉండు.

దేవ్‌సింగ్ బావను అడిగానని చెప్పు.

మీ అన్న,
రాందాస్


హైదరాబాద్,
2 ఆగస్టు 1984.

భియాకు,

నన్నెవరూ ఏమీ అనలేదు. అన్నా అందుకోసం ఉద్యోగం మానేదాన్ని కాదు, అది నీకు తెలియాలి.

ఆ ఆఫీసులో ఉన్నన్నాళ్లూ నేను గీసినవన్నీ బంజారాహిల్స్‌లో ఇళ్లు. ఒకరోజు నా గీతల్ని చూస్తూ అనిపించింది, కొండకు మన బంజారాల పేరు, కొండ మీద ఇళ్లు మాత్రం వాళ్లవి. కోపంతో అనుకున్నది కాదు. నవ్వే వచ్చింది. కానీ ఇలాంటి ఇళ్లు గీసేవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. సూర్యాపేటలో, మిర్యాలగూడలో బడో దవాఖానో కట్టేటప్పుడు గాలి ఎటు నుంచి వస్తుంది, నీడ ఎటు పడుతుంది, ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటారు అని ఆలోచించేవాళ్లు ఒక్కరూ లేరు. అలాంటివాళ్లు తయారు కావాలంటే ఎవరో ఒకరు నేర్పాలి గదా? పొద్దున పాఠాలు చెబుతున్నాను, సాయంత్రం ఇంట్లోనే బల్ల వేసుకుని నా పని నేను చేసుకుంటున్నాను. యాడికి చెప్పు, ఒక్కదాన్ని ఎన్ని ఇళ్లు కట్టగలను? నా క్లాసులో ఏటా ముప్పై మంది చేరతారు.

నీ జగదీశ్ వచ్చాడు. మొదటి వారం పిల్లలందరికీ ఒకటే పని ఇచ్చాను: మీ ఇల్లు మీరే కొలుచుకొచ్చి గీయండి అని. అందరూ తమ ఇంటిని ఉన్నదానికంటే పెద్దగా గీశారు. వీడు ఒక్క గది గీసి, తలుపుకు అడ్డంగా కుట్టుమిషన్ పెట్టాడు. "ఇదేంటి, దారిలో?" అన్నాను. "ఆడనే ఎలుతురు మేడమ్. అమ్మ కూసున్నంక మేము గోడకానుకొని లోపలికి పోతం" అన్నాడు. ఆ కాగితాన్ని బోర్డుకు అతికించాను.

నీ 'గానీ' తర్వాత రాయాల్సింది ఇదే. ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరు ఎవరికి దారి ఇస్తారో తెలుసుకోవడం. వెంకటేశం సారుకు అలాగే చెప్పు.

నీ చెల్లె,
జమున


మిర్యాలగూడ,
9 సెప్టెంబర్ 1989.

జమునా,

బదిలీ మీద మిర్యాలగూడ వచ్చి చేరాం. రైస్ మిల్లుల ఊక గాలికి యాడికి దగ్గు పట్టుకుంది గానీ, తండా దగ్గరైందని సంబరపడుతోంది. ఆదివారం ఆదివారం నిడమనూరు బస్సెక్కుతుంది.

జగదీశ్ నీ దగ్గర చదువు పూర్తిచేసి సూర్యాపేటలోనే ఆఫీసు తెరిచాడు. హైవే మీద, కిరాయి గది. ప్రారంభానికి నన్నే రిబ్బను కత్తిరించమన్నాడు. గోడ మీద పెట్టడానికి నీ ఫోటో అడిగితే నేనివ్వలేదు, బతికున్నవాళ్ల ఫోటోకు దండ వేస్తాడేమోనని భయం. రాధమ్మ ఆ రోజంతా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

అసలు సంగతి. మన తండాకు బడి మంజూరైంది. కాలువ గట్టు పక్కన జాగా చూపించారు. తండా నాయక్ హన్మా నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "మన జమునబాయి గీస్తేనే కడతం సారూ. గవర్నమెంటోళ్ల మ్యాపు మాకొద్దు" అన్నాడు. యాడి అప్పటినుంచీ కాలు నిలవకుండా ఉంది. దసరా సెలవుల్లో ఒకసారి వచ్చి జాగా చూసి గీసిపెట్టు. మన పిల్ల గీసిన బడి అని రేపు మన పిల్లలు చెప్పుకుంటారు.

అన్న,
రాందాస్


హైదరాబాద్,
1 అక్టోబర్ 1989.

భియా,

మీటింగుకూ మీటింగుకూ మధ్య రాస్తున్నాను, దస్తూరీ చూసి తిట్టకు.

మా ఆర్కిటెక్టుల సంఘానికి నన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారు. మొదటి పనిగా ఒక రూలు కోసం సెక్రటేరియట్ చుట్టూ తిరుగుతున్నాం. జనం గుమిగూడే ఏ కట్టడానికైనా, అంటే సినిమా హాలుకు, ఫంక్షన్ హాలుకు, బడికి, ఆర్కిటెక్ట్ సంతకం లేనిదే అనుమతి ఇవ్వకూడదని. ఇది వస్తే చిన్న ఊళ్లలో మా పిల్లలకు పని దొరుకుతుంది, జనానికి మంచి కట్టడాలు దొరుకుతాయి. దసరాకు రాలేను.

బడి పని జగదీశ్‌కు అప్పగించు. ఇంత చిన్న పనికి నేను రావాల్సిన అవసరం లేదు. వాడు చూసుకుంటాడు.

హన్మా నాయక్‌కు నా దండాలు. యాడికి దగ్గు మందు ఆపొద్దని చెప్పు.

జమున


మిర్యాలగూడ,
20 జూన్ 1990.

జమునకు,

ఆ చిన్న పని పూర్తయింది. మొన్న సోమవారం బడి తెరిచారు.

జగదీశ్ వారం వారం స్కూటర్ మీద వచ్చి దగ్గరుండి కట్టించాడు. గదుల ముందు వెడల్పాటి అరుగు, దాని మీద వేపచెట్టు నీడ పడేట్టు పెట్టాడు. వేపచెట్టు కొట్టేస్తామని కాంట్రాక్టర్ అంటే, చెట్టును తప్పించి గోడను వంపు తిప్పాడు. యాడి ఒకటో తరగతి గదిలో పిల్లల మధ్య కూర్చుని లేవనంది. "జమున గీసిందేనా?" అని అడిగింది. జగదీశ్ గీశాడన్నాను. అప్పుడు లేచింది.

నువ్వు రానందుకు హన్మా నాయక్ బాధపడ్డాడు. పట్నంలో పెద్ద పనులున్నవాళ్లు అని నేనే సర్దిచెప్పాను.

రాందాస్


హైదరాబాద్,
11 జూలై 1990.

భియాకు,

నువ్వు 'పెద్ద పనులు' అని రాసిన వేళ మంచిది. మా రూలు వచ్చేసింది! ఉత్తర్వులు చేతికందిన రోజు సంఘం ఆఫీసులో అందరం పిల్లల్లాగా చప్పట్లు కొట్టాం. ఇక సూర్యాపేట, కోదాడ లాంటి చోట్ల కూడా చదువుకున్నవాడి చెయ్యి పడకుండా హాలు లేవదు.

జగదీశ్ బడి ఫోటోలు చూపించాడు. ఆ వంపు గోడను క్లాసులో అందరికీ చూపించాను. చూశావా, వాడికి ఇవ్వమని నేను చెప్పింది ఎంత మంచిదైందో.

జమున


కోదాడ,
14 మార్చి 1993.

చెల్లె జమునకు,

పేపర్లో చూశాను. ఆర్కిటెక్టుల సంఘానికి రాష్ట్ర అధ్యక్షురాలిగా ఎన్నికైనందుకు సంతోషం. ఆ పదవికి వచ్చిన మొదటి ఆడమనిషివని కూడా రాశారు. వెంకటేశం సారు సూర్యాపేట నుంచి ఫోన్ చేసి అడిగాడు: "మీకు ముందే తెలుసా?" తెలుసన్నాను.

నేను హెడ్మాస్టర్‌గా కోదాడ వచ్చి చేరాను. ఈ ఊరి మాట వేరు, సగం మన తీరు, సగం ఆంధ్ర తీరు. చాందీ కూరగాయలు కొనేటప్పుడు పక్కనున్నవాళ్లు "ఏ ఊరండీ మీది?" అని అడుగుతారు.

జగదీశ్ బాగా పైకొచ్చాడు. నీ రూలు పుణ్యమా అని వాడి బల్ల మీద ప్లాన్లు కట్టలు కట్టలుగా ఉంటున్నాయి. గీసేవాళ్లు ఎవరెవరో గీసుకొస్తారు, వాడు సంతకం పెడితే చాలట. మొన్న నేను కూర్చున్నంతసేపూ వచ్చేవాళ్లు, పొయ్యేవాళ్లు. టీ తాగడానికి తీరిక లేదు పాపం.

రాందాస్


హైదరాబాద్,
3 ఏప్రిల్ 1993.

భియా,

ఎన్నికైన రోజే నీకు రాశాను. మిర్యాలగూడ అడ్రసుకు రాశాను, అది నిన్న తిరిగొచ్చింది. నువ్వు కోదాడ వెళ్లిన సంగతి నాకెవరు చెప్పారు? చెప్పకుండా ఊరు మారింది నువ్వు, నా మీద అలిగి ఉత్తరం రాసిందీ నువ్వే.

జగదీశ్ తాను గీయనివాటి మీద సంతకాలు పెడుతున్నాడా? వాణ్ణి వెంటనే ఒకసారి నా దగ్గరికి రమ్మను.

జమున


కోదాడ,
2 డిసెంబర్ 1994.

జమునా,

టీవీలో చెప్పారో లేదో, పేపర్లో మాత్రం నాలుగు ముక్కలే వచ్చాయి. నేను చూసింది రాస్తున్నాను.

ఇక్కడ హైవేకు దగ్గర్లో కొత్తగా ఒక ఫంక్షన్ హాలు కట్టారు. ఆదివారం అక్కడ పెళ్లి. పెళ్లికొడుకు వస్తున్నాడంటే పైన బాల్కనీలోకి ఆడవాళ్లంతా ఎక్కి నిలబడ్డారు. బాల్కనీ ముందుకు ఒరిగి కూలింది. కింద బ్యాండు మేళం వాళ్లున్నారు. క్లారినెట్ వాయించే మత్తయ్య అక్కడికక్కడే పోయాడు. ప్రతి ఆగస్టు పదిహేనుకు మా బడికొచ్చి వాయించేవాడు. వంటల దగ్గర పనికొచ్చిన సత్తమ్మ నీళ్ల బిందెతో అటు దాటుతోంది. కుడి చెయ్యి నలిగిపోయింది. ఖమ్మం తీసుకెళ్లారు, మోచేతి కింద తీసేశారు. దెబ్బలు తగిలినవాళ్లు ఇంకా చాలామంది.

ఆ ప్లాను మీద సంతకం జగదీశ్‌ది.

పోలీసులు వచ్చి వాణ్ణి తీసుకెళ్లారు, బెయిలు వచ్చింది. రాధమ్మ నా కాళ్ల మీద పడింది. విచారణ మీ సంఘం కూడా చేస్తుందని, నువ్వే కూర్చుంటావని అంటున్నారు. వాడు మనం పెంచిన పిల్లవాడు. అన్నీ ఉత్తరంలో రాయలేను. నువ్వు ఒకసారి రా.

అన్న,
రాందాస్


హైదరాబాద్,
7 డిసెంబర్ 1994.

అన్నా,

నీ ఉత్తరం చదివాక చాలాసేపు దేవ్‌సింగ్‌కు కూడా చూపించలేదు.

ఒక మనిషి పోయాడు. ఒకామెకు చెయ్యి పోయింది. విచారణ నా ముందుకు వస్తోంది. అలాంటప్పుడు నిందితుడు మనవాడని, వచ్చి పొమ్మని ఒక హెడ్మాస్టర్ నాకు రాయొచ్చా? ఈ ఉత్తరం సంగతి బయటికి తెలిస్తే నా మాటకూ విలువ ఉండదు, నీ మాటకూ ఉండదు. వాడు నా విద్యార్థి కాబట్టి అధ్యక్ష స్థానంలో కూర్చోకూడదని నిర్ణయించుకున్నాను. వేరే సభ్యులు వింటారు.

పోయినసారి వాణ్ణి పంపమని రాశాను. నువ్వు వాడితో ఏం చెప్పావో తెలియదు. నేను ఢిల్లీలో ఉండగా స్వీట్ల డబ్బా పట్టుకొచ్చి, "సంఘంలో ఏదో పదవి ఇస్తారట గదా" అని వాచ్‌మన్‌ను అడిగిపోయాడట. గట్టిగా నాలుగు మాటలు చెప్పాలని పిలిస్తే, మెచ్చుకోవడానికి పిలిచానని మీరిద్దరూ అనుకున్నారు. ఇప్పుడేం లాభం?

ఈ విషయం మీద నాకు మళ్లీ రాయకు.

జమున


కోదాడ,
12 డిసెంబర్ 1994.

జమునా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. నీకంటే పెద్దవాణ్ణి, ఆ మాత్రం హక్కు ఉంది.

వాణ్ణి తప్పించమని నేనెక్కడ రాశాను? ఇంకోసారి చదువు. రా అని రాశాను. ఐదేళ్ల నుంచీ అదే రాస్తున్నాను. తండా బడికి రమ్మంటే చిన్న పని అన్నావు. ఆ మాట యాడికి చదివి వినిపించలేదు, ఇప్పటికీ వినిపించలేదు. ఇప్పుడు రమ్మంటే సిఫారసు అన్నావు. నీ పదవికి మచ్చ రాకుండా పక్కకు తప్పుకున్నావు, మంచిదే. పక్కకు తప్పుకుంటే ఇక్కడేం జరుగుతోందో కనిపిస్తుందా?

రమ్మన్నది సత్తమ్మ. దవాఖాన నుంచి వచ్చాక చూడటానికి పోతే ఆమె అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: "పోలీసులొచ్చారు సారూ, పేపరోళ్లొచ్చారు, ఓట్లోళ్లూ వచ్చారు. చెయ్యి చూసి పోయారు. ఈ సంతకాలు పెట్టే చదువు మీ చెల్లెలే చెప్తదంట గదా? ఆ అమ్మని పిలువు. చెయ్యి చూడ్డానికి కాదు. మాఘమాసం పెళ్లిళ్లకని ఆ హాలు మళ్లీ కడతన్నారు. నా బిడ్డ ఆడనే గిన్నెలు కడగటానికి పోతది. మళ్లీ పడదని ఆ అమ్మ చూసి చెప్పమను."

ఇదీ సంగతి. పగలూ రాత్రీ కూలీలను పెట్టి విరిగిన చోటే మళ్లీ కాంక్రీటు పోస్తున్నారు. నేను వెళ్లి అడిగితే "హెడ్మాస్టరువు, పిల్లలను సూస్కో పో" అన్నారు.

ఇక నీ ఇష్టం.

రాందాస్


హైదరాబాద్,
29 జనవరి 1995.

భియాకు,

కోదాడ నుంచి వచ్చాక ఇన్నాళ్లూ రాయలేకపోయాను. నువ్వు నాతోనే ఉన్నా, నేను ఒంటరిగా చూసినవి కొన్ని ఉన్నాయి. అవి నీకు చెప్పాలి.

నువ్వు బడికి వెళ్లిన పూట నేను మళ్లీ హాలు దగ్గరికి పోయాను. జగదీశ్ గేటు బయట నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగింది. లోపలికి రమ్మన్నాను. ఇద్దరం ఆ విరిగిన చోటు కింద నిలబడ్డాం. మొదటి ప్లానులో అది మనుషులు వరసగా నిలబడి కిందికి చూడటానికి సరిపడే బాల్కనీ. కట్టేటప్పుడు యజమానికి ఆశ పుట్టి, కుర్చీలు వేసుకునేంత వెడల్పు చేశాడు. ఇంజనీరు లెక్క పాతదానికి. కొత్త కాగితం ఎవరో గీసుకొచ్చి జగదీశ్ బల్ల మీద పెట్టారు.

"వచ్చి చూశావా?" అని అడిగాను.

"లేదు మేడమ్."

"కాగితమైనా చూశావా?"

"కింద సంతకం జాగా సూసిన మేడమ్" అన్నాడు.

తిట్టాలనుకున్నాను. వాడి క్లాసులో నేనొక్క పాఠం కూడా నిర్లక్ష్యంగా చెప్పలేదు. అయినా, ఆ బల్ల మీదికి ఆ కట్టలు ఎక్కడి నుంచి వచ్చాయి? మేమంతా చప్పట్లు కొట్టి తెచ్చిన రూలు నుంచి. చదువుకున్నవాడి చెయ్యి పడాలని అడిగాం. చెయ్యి పడింది. కళ్లు పడాలని మేమెవరం రాయలేదు.

తర్వాత జరిగింది నీకు తెలుసు. పని ఆపమంటే యజమాని నవ్వాడు. సంఘం తరఫున కలెక్టర్‌కు రాసి, నేను చూసింది చూసినట్టు సంతకం పెట్టి ఇస్తే గానీ ఆగలేదు. ఇప్పుడు ఆ బాల్కనీ మొత్తం తీసేశారని మొన్న నీ ఫోన్‌లో విన్నాను. సత్తమ్మకు ఆ మాట నువ్వే చెప్పు. ఆమె నాకు బెల్లం టీ ఇచ్చింది, ఎడమ చేత్తో ఇస్తున్నందుకు ఏమీ అనుకోవద్దంది.

విచారణ నిన్న ముగిసింది. నేను జడ్జిగా కూర్చోలేదు, సాక్షిగా కూర్చున్నాను. జగదీశ్ తరఫున వచ్చినతను "చిన్న ఊరి కుర్రాడు, తెలియక చేశాడు" అన్నాడు. నేను లేచి చెప్పాను: "అతనికి చదువు చెప్పింది నేను. తెలియక అనకండి. తెలుసు." వాడు తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉంటుందేమో అనుకున్నాను. లేదు భియా. బరువు దించుకున్నవాడిలా ఉన్నాడు. సంఘం వాణ్ణి తొలగించింది. మూడేళ్లు ఏ ప్లాను మీదా సంతకం పెట్టకూడదు. కోర్టు కేసు వేరే నడుస్తుంది.

అక్కడితో ఆగకుండా నేనొక ప్రతిపాదన పెట్టాను. పని జరుగుతుండగా వెళ్లి చూసినట్టు రాసివ్వనిదే మా సంతకం చెల్లకూడదని. గదిలో పెద్ద గొడవైంది. "మన నోటికాడి కూడు మనమే తీసేసుకోవాలా?" అని అరిచింది ఎవరో కాదు, ఆ రోజు నా పక్కన నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లే.

తండా బడి విషయంలో 'చిన్న పని' అన్నది జగదీశ్‌కు అది కష్టం కాదనే అర్థంలో. నీకు ఎలా వినపడిందో నాకు ఇప్పుడు గానీ తెలియలేదు. ఈసారి నిడమనూరు పోయి ఆ అరుగు మీద కూర్చుని వచ్చాను. యాడి నా చెయ్యి పట్టుకుని ప్రతి గదీ చూపించింది, తానే కట్టించినట్టు.

నీ చెల్లె,
జమున


కోదాడ,
16 ఏప్రిల్ 1996.

జమునా,

మీ సంఘం ఎన్నికల్లో ఓడిపోయావని విన్నాను. పేపర్లో కాదులే, దేవ్‌సింగ్ బావ ఫోన్ చేశాడు. నా ఉత్తరం వల్లనే నువ్వు ఇక్కడికి వచ్చావు, వచ్చినందుకే ఆ ప్రతిపాదన పెట్టావు, చివరికి నీ పదవి పోయింది. రెండు రోజులు అన్నం సయించలేదు. చాందీ మాత్రం "పోతే పోయింది, ఇగనన్న ఇంటికొస్తది" అంది.

సత్తమ్మ ఇల్లు పూర్తయింది. కాలనీలో మంజూరైన జాగాలో నువ్వు గీసినట్టే కట్టించాను. తలుపు భుజంతో నెడితే తెరుచుకునేట్టు, గొళ్లెం ఎడమ వైపు, వంటగట్టు మీద గిన్నె కదలకుండా ఆ గుంటలు. పెళ్లిళ్లలో వంద మందికి వండిన మనిషి, ఒక్క చేత్తో ఆ గిన్నెలో కందిపప్పు కలిపి చూసింది. బాగుందా అంటే, "గట్టు బాగుంది సారూ. కిటికీ ఏంది, వెనక పెట్టింది ఆ అమ్మ? రోడ్డు మీద ఎవరు పోతన్నారో నాకెట్లా తెలవాల?" అంది. ముందు వైపు ఇంకో కిటికీ కొట్టించాలి. కొలతలు రాసి పంపు.

కట్టినన్నాళ్లూ జగదీశ్ రోజూ వచ్చాడు. ఇప్పుడు సూర్యాపేటలో ఒక కాంట్రాక్టర్ దగ్గర సైటు చూసే పని చేస్తున్నాడు, అది ముగించుకుని బస్సెక్కి వచ్చేవాడు. సత్తమ్మ వాణ్ణి గడప తొక్కనివ్వలేదు. "బయట నుంచే సూడమను" అంది. వాడు బయట నుంచే చూశాడు. ఒకరోజు గోడ తడపలేదని మేస్త్రీతో పోట్లాడి తానే బిందెలతో నీళ్లు పోశాడు. ఆమె లోపల నుంచి చూస్తూనే ఉంది గానీ పలకరించలేదు. నేను కూడా పలకరించమని చెప్పలేదు.

మత్తయ్య ఇంటికి కూడా పోయాడట. అక్కడేం జరిగిందో నేను అడగలేదు.

అన్న,
రాందాస్


హైదరాబాద్,
22 జూలై 1997.

భియాకు,

పదవి పోయిందని నువ్వు ఇంకా బాధపడుతున్నావని వదిన చెప్పింది. నా ఓటమికి నీ ఉత్తరం కారణమైతే, అంతకంటే మంచి ఉత్తరం నువ్వు నాకు రాయలేదు. ఇప్పుడు పొద్దున క్లాసు, సాయంత్రం నా బల్ల. కొత్తగా వచ్చిన అధ్యక్షుడు నా ప్రతిపాదనను పూర్తిగా పక్కన పెట్టలేదు, బడులకూ దవాఖానలకూ మాత్రం ఒప్పుకున్నాడు. హాళ్లు మిగిలాయి. అడుగుతూనే ఉంటాను.

నిన్న జరిగింది నీకు చెప్పాలి. చివరి సంవత్సరం పిల్లలకు వృత్తి నియమాలు అని ఒక పాఠం ఉంటుంది. ఎప్పుడూ నేనే చెప్పేదాన్ని. ఈసారి జగదీశ్‌ను రమ్మని రాశాను. వస్తాడనుకోలేదు. పొద్దున్నే సూర్యాపేట బస్సు దిగి, ఇస్త్రీ చొక్కాతో గుమ్మంలో నిలబడ్డాడు.

కాగితం ఏమీ తెచ్చుకోలేదు. హాలు ఎలా ఉండేదో బోర్డు మీద గీశాడు. మొదటి బాల్కనీ గీశాడు, దాని మీదే వెడల్పు చేసినది గీశాడు. కింద ఎవరు నిలబడ్డారో గుర్తులు పెట్టాడు. "ఇది మత్తయ్య. ఇది సత్తమ్మ" అన్నాడు. ఆ తర్వాత బోర్డు మూలన తన సంతకం పెట్టాడు. "ఇది పెట్టనీకి నాకు టీ చల్లారేంత టైము గూడ పట్టలే" అన్నాడు. వాడి గొంతు చివరి బెంచీకి వినపడలేదు. గట్టిగా చెప్పమని ఎవరూ అనలేదు.

చివర్లో ఒకమ్మాయి లేచింది. పుష్ప అని మఠంపల్లి అమ్మాయి, మొహమాటం తెలియదు. "సార్, మీరు సంతకం పెట్టకపోతే వాళ్లు ఇంకొకరి దగ్గర పెట్టించుకునేవాళ్లు కదా? అప్పుడైనా ఆయన చనిపోయేవాడే కదా?" అంది. నేను కలగజేసుకోబోయాను. జగదీశ్ చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"అయ్యుండొచ్చమ్మా" అన్నాడు. "నేను గూడ అదే అనుకొని పడుకుందామని శానా దినాలు సూసిన. నిద్ర రాలే. ఆ ఇంకొకడు ఎవడో ఉండేటోడేమో. గని ఉన్నది నేను."

ఆ అమ్మాయి కూర్చుంది. గంట కొట్టింది. పిల్లలు వెళ్లిపోయాక వాడు బోర్డు తుడవడానికి లేచాడు. హాలు తుడిచాడు, బాల్కనీ తుడిచాడు, ఆ రెండు గుర్తుల దగ్గర చెయ్యి ఆగింది. నేను డస్టర్ తీసుకున్నాను, మిగతాది నేను తుడిచాను.

భోజనానికి ఉండమంటే ఉండనన్నాడు, సైటులో స్లాబు పోస్తున్నారట, తాను లేకుండా పొయ్యొద్దని చెప్పి వచ్చాడట. గేటు దాకా వెళ్లాను. మళ్లీ రమ్మనడానికి నాకు నోరు రాలేదు. ఒక మనిషిని ఏటా తెచ్చి అక్కడ నిలబెట్టే హక్కు నాకెక్కడిది? బస్సు వచ్చే వైపు చూస్తూ నిలబడ్డవాడు వెనక్కి తిరిగి, "వచ్చే ఏడాది పిల్లలకు ఎప్పుడు చెప్తరు మేడమ్? జర ముందే రాయండి, సెలవు పెట్టుకోవాలె" అన్నాడు.

రాస్తానన్నాను.

నీ చెల్లె,
జమున